మంద ఆపిన రాత్రి

కడప జైలు గేటు బయట జీపు ఆగి ఉంది. అల్లాబక్ష్ పూలదండ పట్టుకుని దాని ముందు నిలబడ్డాడు. జీపుకు దూరంగా, గోడవారన, గురప్ప భార్య సంజీవమ్మ ఉంది. ఎనిమిదేళ్ల తర్వాత బయటికొచ్చిన గురప్ప ముందు ఆమె దగ్గరికే నడిచాడు.

అల్లాబక్ష్ పరుగున వచ్చి మెడలో దండ వేశాడు. "అన్న పంపించినాడప్పా. జమ్మలమడుగులో మీటింగు. మండలం ఎన్నికల్లో టికెట్ నీకే. పులి వస్తాందని పొద్దున్నుంచి మైకులో చెప్తాండాం."

"పులి ఎవురు?"

"ఎవురేంది? వాన్ని ఏసిన మొనగాడివి నువ్వే గదా!"

ఎనిమిదేళ్ల కిందట, రాత్రి ఎనిమిది గంటలకు, జమ్మలమడుగు శివార్లలో అవతలి పార్టీ మనిషిని బాంబులేసి చంపారు. చంపింది ఐదుగురు. చచ్చినవాడి తరఫువాళ్లు పోలీసులకు రాసిచ్చిన పేర్లు పదకొండు. గొర్రెలు మేపుకునే గురప్ప నాలుగో ముద్దాయి. 'అన్న' అని అందరూ పిలిచే నాయకుడి ఊళ్లో పుట్టడమే అతను చేసిన నేరం. యావజ్జీవం పడింది. నేరం రుజువు కాలేదని పోయిన వారం హైకోర్టు వదిలేసింది.

అవతలివాళ్లకు అతను తప్పించుకున్న హంతకుడు. ఇవతలివాళ్లకు వీరుడు. చంపలేదని బయటికి అన్నది సంజీవమ్మ ఒక్కతే. జైలుకు పోయినవాడి ఇంటికి నాయకుడు బియ్యం పంపడం పార్టీల ఆనవాయితీ. మొదటి మూట రాగానే ఆమె దాన్ని వీధిలోకి దొర్లించింది. తీసుకుంటే మొగుడు అన్న కోసం చంపాడని ఒప్పుకున్నట్టే. ఎర్రగుంట్లలో రాళ్లు మోసి బతికింది.

గురప్ప దండ తీసి జీపు బానెట్ మీద పెట్టాడు. "ఎక్కుతా. అయితే ముందు చిన్నసుబ్బయ్య ఊరికి పోనీ."

"పెద్దముడియం పక్కన ఊరికా? అది వాళ్ల ఊరు! నరుకుతారు."

"పులినా?" అంది సంజీవమ్మ, ఎక్కి కూర్చుంటూ.

చిన్నసుబ్బయ్య అవతలి పార్టీ రైతు. హత్య జరిగిన రాత్రి గురప్ప మంద ఆ రైతు చేలోనే ఉంది. ఎరువు కోసం రైతులు రాత్రిళ్లు గొర్రెల్ని చేలో ఆపించుకుంటారు. కాపరి మంద దగ్గరే పడుకుంటాడు. ఏ పార్టీ చేనైనా గొర్రెలకు ఒకటే. కానీ సొంత పార్టీ పెట్టిన కేసు అబద్ధమని చిన్నసుబ్బయ్య కోర్టుకొచ్చి ఎలా చెబుతాడు? రాలేదు.

ఊరి బయటే జీపు ఆపేశాడు అల్లాబక్ష్. భార్యాభర్తలు దిగి నడిచారు. అరుగుల మీది మగాళ్లు లేచారు. ఒకడి చేతిలో వేటకొడవలి. గురప్ప నడక తగ్గించలేదు. చిన్నసుబ్బయ్య వాకిట్లోనే ఉన్నాడు.

"మామా, ఆ రేత్రి నేను యాడుండాను?"

చిన్నసుబ్బయ్య కొడవలివాడి వైపు చూశాడు. "కోర్టు వదిలిపెట్టె గదా. ఇంగేం కావాల నీకు?"

"రుజువు కాల్యాదని వదిలిపెట్టినారు. నేను సంపల్యాదని ఎవురూ చెప్పల్యా. నీకు తెలుసు. చెప్పు."

"చెప్తే మావోళ్లు నన్ను ఊర్లో ఉండనీరప్పా. పో."

"నేను జైల్లో కూసుంటి. నువ్వు ఈడ నా గొర్రెల ఎరువుతో శనగ పండించుకుంటివి. చెప్పకుండా పోను."

కొడవలివాడు ముందుకొచ్చాడు. "నువ్వు లోపలికి పో సుబ్బయ్య మామా. ఈని సంగతి మేం చూస్తాం."

"యాడికి పోయేది?" లోపలి నుంచి చిన్నసుబ్బయ్య భార్య ఆదిలక్ష్మమ్మ గడప దాటి వచ్చింది. "ఆపొద్దు ఈయప్పకు కూడు మోసకపోయింది నేనే. జమ్మలమడుగు కాడ బాంబులు పడేయాళకు ఈయప్ప మా చేన్లో కూసోని సంగటి తింటాండాడు. మా యింటాయన పక్కనే బీడీ తాగుతాండాడు."

"నోరు ముయ్యి!" అరిచాడు చిన్నసుబ్బయ్య.

"ఎనిమిదేండ్లు మూసుకున్న్యా. సాల్లే."

"పార్టీ పరువు తీస్తాండావు అత్తా," అన్నాడు కొడవలివాడు.

"నేను సంగటి పెట్టింది పార్టీకి కాదురా, మనిషికి. నరికేదుంటే ముందు నన్ను నరుకు."

వాడు కదల్లేదు. చిన్నసుబ్బయ్య పెళ్లాం మాట కాదనలేకపోయాడు.

సంజీవమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. "ఇదే మాట జమ్మలమడుగులో చెప్తావా అక్కా?"

ఆదిలక్ష్మమ్మ కొంగు బిగించి వీధిలోకి దిగింది.

ముగ్గురూ జీపు దగ్గరికొచ్చి సంగతి చెప్పగానే అల్లాబక్ష్ అడ్డం నిలబడ్డాడు. "గురప్పా, నువ్వు కాదంటే ఏసింది ఎవురని జనం అడగరా?"

"అడగాల. అన్ననే అడగాల, ఆ మీటింగులోనే."

అల్లాబక్ష్ జీపు తాళం తీసి జేబులో వేసుకున్నాడు. "నేను తీసకపోను. మీరు పోయినా అన్న మాట్లాడనీడు."

"నీ జీపు లేకపోతే నడ్సలేమా?" అని సంజీవమ్మ అప్పటికే రోడ్డెక్కింది.

దుమ్ము రేపుకుంటూ వస్తున్న బస్సుకు గురప్ప రోడ్డు మధ్యలో నిలబడి చెయ్యి అడ్డం పెట్టాడు.

"జమ్మలమడుగు మూడు," అన్నాడు కండక్టర్‌తో. "అన్న మీటింగు కాడ దింపు."