నూటపన్నెండో గాజుపలక

ఇనప పళ్లెం మీద పుడిసెడు నీళ్ళు చల్లి, చిటికెడు కార్బొరండం సానపొడి వేసి, గాజుపలకకు అతికించిన రాతిముక్కను బోర్లించి, దానిమీద రెండు వేళ్ళు ఆనించి ఎనిమిది అంకె చుట్టడం మొదలుపెట్టేసరికి గోడ గడియారం తొమ్మిదీ పది చూపిస్తోంది. ఎనిమిది మీద ఎనిమిది, దాని మీద ఇంకో ఎనిమిది. అడ్డదిడ్డంగా రుద్దితే రాయి ఒకవైపే అరుగుతుంది. ఎనిమిది చుడితేనే అన్ని వైపులా సమంగా అరుగుతుంది. ముప్పై నాలుగేళ్ళుగా ఆయన ఎనిమిదులే చుడుతున్నాడు. తొమ్మిదికి ఎదిగింది లేదు.

రాళ్ళ పరిశోధన సంస్థలో అందరూ ఆయన్ను పల్చనయ్య అంటారు. గుమ్మంలోంచి రావాలంటే పక్కకు తిరగాల్సినంత మనిషికి ఆ పేరేమిటని కొత్తగా చేరినవాళ్ళు నవ్వుకుంటారు. అది ఒంటికి పెట్టిన పేరు కాదు, పనికి పెట్టిన పేరు. రాయిని కోసి, గాజుకు అతికించి, వెంట్రుకను నిలువునా మూడుగా చీలిస్తే ఒక చీలిక ఎంత ఉంటుందో అంత పలచన చేస్తాడు. అప్పుడు రాతిలోంచి వెలుతురు దూరుతుంది. పైఅంతస్తులో చదువుకున్నవాళ్ళు దాన్ని మైక్రోస్కోపు కింద పెట్టుకుని పుస్తకాలు రాస్తారు. రాయి ఆయనది, రాత వాళ్ళది.

అరగదీయడం ఆయన వృత్తి, అరగకపోవడం ఆయన జబ్బు. బండలను పొడి చేసిన మనిషికి పొద్దున తిన్న రెండు ముద్దలు మధ్యాహ్నం దాకా కదలవు. చొక్కా జేబులో కళ్ళజోడు పక్కన మాత్రల అట్ట ఎప్పుడూ కాపలా ఉంటుంది. కుడిచేతి రెండు వేళ్ళ మీద గీతలు ఎప్పుడో చెరిగిపోయాయి. హాజరు వేయడానికి వేలిముద్ర యంత్రం పెట్టిన రోజు అది ఆయన వేలిని ఏడుసార్లు చూసి ‘ఎవరూ లేరు’ అంది. అప్పటినుంచి బొటనవేలితో ఉద్యోగం చేస్తున్నాడు.

ఆ ఉద్యోగానికి ఇవాళే ఆఖరి రోజు. సాయంత్రం అయిదు దాటితే పల్చనయ్య మాజీ పల్చనయ్య. సన్మానం చేస్తామంటే చేతులు పట్టుకుని బతిమాలి మానిపించాడు. సన్మానంలో ఒక్కొక్కరే లేచి ‘ఈయన చేతిలో ఒక్క ముక్క పాడవలేదు’ అంటారు. అంటుంటే ఆయన శాలువా కప్పుకుని కూర్చోవాలి. చేరిన మొదటి వారంలో ఏం చేశాడో ఆయనకు తెలుసు. ఆయనకూ, మూడో బీరువా అయిదో సొరుగులో పడుకున్న నూటపన్నెండో గాజుపలకకూ.

అప్పట్లో పెద్ద డైరెక్టరుగారు, సీసా అడుగులంత మందపు కళ్ళద్దాల మనిషి, ఒక నల్ల లావా రాయి తెచ్చి అందులో నిమ్మకాయంత పచ్చటి ముద్దను చూపించి, దాని పలక కావాలన్నారు. పని నేర్పిన పాత మేస్త్రీ చెప్పిన సూత్రం ఒక్కటే: “రాతిలో క్వార్ట్జ్, అదే పలుగురాయి, ఉంటుంది. మైక్రోస్కోపులో అది బూడిదరంగుకి వచ్చేదాకా రుద్దు. వచ్చిందా, చెయ్యి తియ్యి.” పల్చనయ్య రుద్దాడు, చూశాడు. గులాబీ, నీలం, చిలకపచ్చ, అన్నీ ఉన్నాయి, బూడిదరంగు లేదు. మళ్ళీ రుద్దాడు. ఎర్రబడింది, పసుపైంది. ఇంకా రుద్దాడు. చివరికి బూడిదరంగు వచ్చింది! “వచ్చేశావా తండ్రీ!” అని సంబరపడి, దేనికైనా మంచిదని ఇంకో నాలుగు చుట్లు చుట్టాడు. కడిగి చూస్తే గాజు మిగిలింది.

ఆ రాతిలో క్వార్ట్జ్ లేనే లేదు. పచ్చటి ఆ ఖనిజం పేరు ఆలివిన్ అనీ, అది ఉన్నచోట క్వార్ట్జ్ ఉండదనీ, తోడికోడళ్ళ మాదిరి ఒకరున్న గదిలోకి ఇంకొకరు రారనీ ఆయనకు తర్వాతెప్పుడో తెలిసింది. రాని చుట్టం కోసం వండిందంతా మాడబెట్టుకున్నట్టయింది. ఆ గాజునే ఇచ్చాడు. డైరెక్టరుగారు చాలాసేపు చూసి, “బాగానే ఉందోయ్” అని కలంతో ఏదో గీసి, చీటీ అంటించి సొరుగులో పెట్టించారు. పాపం, ఆయనకు చూపు ఆనలేదు. పల్చనయ్య ఆ సొరుగు మళ్ళీ తెరవలేదు.

పదిన్నరకు పరిశోధకురాలు మెట్లు దిగి వచ్చింది. ఆరు నెలల కింద చేరింది. అందరూ కొత్తమేడమ్ అంటారు. మాట్లాడితే చేతులతో సహా మాట్లాడుతుంది.

“పల్చనయ్యగారూ, మన దగ్గర ఆలివిన్ పలక ఒకటుందట కదా! పాత జాబితాలో చూశాను. నూటపన్నెండు.”

ఎనిమిది సగంలో ఆగి సున్నా అయింది.

“ఆలివినా, మేడమ్? అంత మామూలు రాయి... ఎవరూ అడగలేదెప్పుడూ.”

“మామూలే! మన కాళ్ళ కింద ముప్పై నలభై కిలోమీటర్లు దిగితే ఇక ఎక్కడ చూసినా అదే. భూమిలో దానంత దండిగా ఉన్నవి తక్కువ. కానీ పైకి వచ్చేది ఎప్పుడో, లావా వస్తుంటే దాని చంకనెక్కి. సముద్రం అడుగు రాళ్ళలో ఉంటుంది, ఆకాశం నుంచి పడే కొన్ని రాళ్ళలో ఉంటుంది. కొన్ని తీరాల్లో ఇసకే పచ్చగా ఉంటుంది దానివల్ల. అయితే వానా గాలీ తగిలాయా, అందరికంటే ముందు తుప్పుపట్టేది అదే. లోపల రాజు, బయట రోగి. రేపు పొద్దున్నే ఆ పలక చూస్తాను. సొరుగు తాళం తీయించి పెట్టండి.”

“రేపు నేనుండను మేడమ్.”

“అయ్యో, ఎక్కడికెళ్తున్నారు?”

“ఇంటికి,” అన్నాడు పల్చనయ్య.

ఆమె నవ్వి వెళ్ళిపోయింది. ఆఖరి రోజని ఆమెకు ఎవరూ చెప్పలేదు. రేపు పొద్దున ఆమె ఖాళీ గాజు చూస్తుంది. జాబితాలో పక్కనే ఆయన పేరు చూస్తుంది. జవాబు చెప్పుకోవడానికి ఆయన ఉండడు. ముప్పై నాలుగేళ్ళ పనిని ఆ ఒక్క గాజులోంచి చూస్తారు, గాజు కాబట్టి బాగా కనిపిస్తుంది కూడా. మాత్ర ఒకటి నోట్లో వేసుకున్నాడు.

మార్గం ఒక్కటే. అదే రాయి దొరికితే, అందులో ఇంకో పచ్చ ముద్ద ఉంటే, సాయంత్రంలోగా కొత్త పలక చేసి పాత చీటీ కింద పెట్టేయడం. రాళ్ళ గది తాళాలు ఉండేది తాళాలమ్మ దగ్గర. నడుముకి నలభై చెవులు వేలాడుతుంటాయి కాబట్టి ఆమె వినని మాట సంస్థలో లేదు.

“నూటపన్నెండా? ఏడో అర, మూడో గడి,” అంది తడుముకోకుండా. వెళ్ళి చూస్తే మూడో గడిలో ఒక చీపురు, ఆమె చెప్పులు, సగం అల్లిన స్వెట్టరు ఉన్నాయి. “రాయేదమ్మా?”

“నేను చేరేసరికే లేదన్నయ్యగారూ. ఖాళీ జాగా కదా అని సామాను పెట్టుకున్నా. రాయికి కాళ్ళొచ్చాయేమో.”

రాళ్ళ గది మొత్తం వెతికాడు. అరలన్నీ కిందికీ పైకీ చూశాడు, దుమ్ముకి పదకొండు సార్లు తుమ్మాడు. ఒంటిగంటకు జేబులో ఫోను మోగింది. ఇల్లాలు.

“ఏవండీ, ఆఖరి రోజు కదా, ఇవాళైనా ఏమైనా తెస్తున్నారా?”

పెళ్ళిచూపులనాడు మధ్యవర్తి ‘అబ్బాయి రాళ్ళకు సానపెడతాడు’ అన్నాడు. ఆడపెళ్ళివారు ఉంగరాల్లోకీ గొలుసుల్లోకీ వెళ్ళిపోయారు. ఆ లెక్క ఇంకా తేలలేదు.

“ఏం తెమ్మంటావ్?”

“పచ్చరాయి ఒకటి తెస్తానన్నారు, పెళ్ళైన కొత్తలో. ఇన్నేళ్ళు రాళ్ళతో కాపురం చేసి ఇంటికొక్క రాయి తేలేదు, కనీసం నా నెత్తిన పడేయడానికైనా. తెచ్చిందల్లా చొక్కా నిండా దుమ్ము. ఉతకలేక చస్తున్నా.”

“ఆలివిన్ అని ఒకటుందే, దాని సంగతి...”

“నాకేం వద్దు, మీరు తొందరగా రండి చాలు,” అని పెట్టేసింది. రాయి పేరులో ఆలి ఉంది, వినడం కూడా ఉంది. ఇంట్లో ఆ రెండూ ఒకచోట ఎన్నడూ కలవలేదు.

నీరసంగా గదిలోంచి బయటికి వస్తూ ఎప్పటిలాగే గుమ్మం దగ్గర కాలి బొటనవేలు రాయికి కొట్టుకున్నాడు. రాళ్ళ గది తలుపు తనంతట తాను మూసుకుంటుంది. దానికి అడ్డంగా గుమ్మడికాయంత గోధుమరంగు బండ ఒకటి ఉంటుంది. ఆయన బొటనవేలికి అది పాత శత్రువు, వారానికోసారైనా పలకరించుకుంటారు. ఉద్యోగంలో ఎవరినీ పల్లెత్తు మాట అనని మనిషి, ఆఖరి రోజు కదా అని దాన్ని మనసారా ఒక బూతు తిట్టి, రెండో కాలితో తన్నాడు. బండ పక్కకు ఒరిగింది. అడుగున తెల్ల రంగుతో, వంకర అంకెలతో 112 అని ఉంది.

పల్చనయ్య నేలమీద చతికిలబడ్డాడు. సుత్తితో అంచు మీద చిన్న దెబ్బ వేశాడు. ఇన్నేళ్ళ వాన జల్లుకూ తడి కాళ్ళకూ పట్టిన తుప్పు పెంకు ఊడింది. లోపల నల్లటి రాయి, ఆ నల్లటి రాతిలో పెసరగింజల రంగులో, చక్కెర పలుకుల్లా మెరుస్తూ, కోడిగుడ్డంత పచ్చదనం.

“ఆగండాగండి! అది తలుపు రాయి!” తాళాలమ్మ గలగలలాడుతూ వచ్చింది.

“ఇది నూటపన్నెండమ్మా!”

“ఎన్నైతే నాకేం! నేను ఉద్యోగంలో చేరేనాటికే అది డ్యూటీలో ఉంది. నాకంటే సీనియర్. దాన్ని మీరు పట్టుకుపోతే తలుపుకి నన్ను అడ్డం పడుకోమంటారా?”

“సాయంత్రానికి ఇంతకంటే బరువైంది తెచ్చి పెడతాను.”

ఆమె ఆయన్ను పైనుంచి కిందిదాకా చూసింది. “మీరు రేపట్నుంచి రారు కదా?”

“నేను కాదమ్మా, వేరేది!”

అప్పటికి ఒకటిన్నర. రంపం మీద అంగుళం ముక్క కోసి, ఒక ముఖం నునుపు చేసి, వేడి పలక మీద జిగురుతో గాజుకు అతికించి, ఆరేదాకా దాని పక్కనే కూర్చున్నాడు. మూడింటికి పళ్లెం మీద వేశాడు. ఇన్నేళ్ళ చాకిరీకి పళ్లెం కూడా నడుమ గుంట పడింది. ఏ పొడి ఎక్కడ వేయాలో, ఏ గుంట పక్కన రుద్దాలో ఆ ఇద్దరికే తెలుసు. ఈసారి క్వార్ట్జ్ కోసం ఎదురుచూడలేదు. ఎనిమిది చుడుతూ పళ్లెం మీదికి చెవి వంచి విన్నాడు. ముతక గరగర సన్నని సరసరగా మారింది. తీసి, కడిగి, చూశాడు. పాలిపోయిన గులాబీ. ఇంకో ముప్పై చుట్లు. పచ్చా, ఊదా. ఇంకో పది. కళ్ళద్దాలు చెమటకి జారాయి. ఇంకో అయిదు.

మైక్రోస్కోపులోంచి నీలం, బంగారు రంగు, గులాబీ, చిలకపచ్చ ఒక్కసారిగా కళ్ళలోకి దూకాయి. కొత్త బట్టల కొట్టులో చీరలన్నీ ఒకేసారి విప్పి పరిచినట్టుంది. చెయ్యి తీసేశాడు. ‘దేనికైనా మంచిది’ అన్న మాట మనసులోకి వచ్చింది. ఆ చేతిని ఎడమచేత్తో పట్టుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు.

నాలుగున్నరకు తాళాలమ్మ దగ్గర తాళంచెవి తీసుకుని అయిదో సొరుగు తెరిచాడు. పాత గాజు తీసి జేబులో వేసుకున్నాడు. చీటీ తర్వాత మారుద్దామని కొత్తదాన్ని ఆ జాగాలో పెట్టబోతుంటే కొత్తమేడమ్ మెట్లు దిగింది.

“రేపటిదాకా ఆగలేకపోయాను. అదేనా?” అని చేతిలోంచి లాక్కుని మైక్రోస్కోపు కింద పెట్టింది. ఎప్పుడూ మాట్లాడే ఆమె చేతులు ఊరుకున్నాయి.

“అబ్బ! ఎంత సమంగా ఉందో! ముప్పై నాలుగేళ్ళ కిందటిది!”

పల్చనయ్య ఒక్క తలూపు ఊపితే చాలు. వ్యవహారం ముగిసిపోతుంది, ఇంటికి పోవచ్చు. ఊపడానికి గడ్డం కొంచెం పైకెత్తాడు కూడా.

“ఆ కాలం పనివాళ్ళే వేరండీ,” అంది ఆమె పరవశంగా. “ఇప్పుడెవరు చేయగలరు ఇలా?”

ఎత్తిన గడ్డం అక్కడే ఆగింది.

“ఎవరు చేయగలరేమిటి మేడమ్! మధ్యాహ్నం నేను చేశాను!”

అనేశాక ఇక దాచడానికేం లేదు. జేబులోంచి ఖాళీ గాజు తీసి బల్లమీద పెట్టి, పాత మేస్త్రీ నుంచి తలుపు రాయి దాకా, నడుమ ఇల్లాలి ఫోనుతో సహా, అంతా చెప్పేశాడు. “రుద్ది రుద్ది రాయి మొత్తం మింగేశాను. పాపం డైరెక్టరుగారికి ఆనలేదు. ఇదిగో, సిరా కలం కూడా కారినట్టుంది.”

గాజు మూలన, చీటీ అంచు దగ్గర, ఆవగింజంత నల్లటి గీత చుట్టి ఉంది. ఆమె దాన్ని వెలుతురుకి పట్టి చూసింది. మైక్రోస్కోపు కింద పెట్టి, సరిచేసి, కుర్చీలోంచి లేచింది.

“కూర్చోండి.”

“ఏముందని మేడమ్ అందులో?”

“మీరెప్పుడైనా చూశారా?”

ఎలా చూస్తాడు? ముఖం చెల్లక ఇన్నేళ్ళు సొరుగే తెరవలేదు. కూర్చుని కన్ను ఆనించాడు. చీకటి. ఆ చీకటి నడుమ, సిరా గీసిన ఆ చుట్టులో, ఒకే ఒక్క రేణువు. మూలన ఉంది కాబట్టి వేళ్ళ కింద నలగకుండా బతికింది. గులాబీ అంచుతో నీలంగా, ఇంకా వెలుగుతోంది.

“డైరెక్టరుగారికి బాగానే ఆనిందండీ,” అంది ఆమె నెమ్మదిగా. “ఉన్నదాని చుట్టూ గీత గీసి పెట్టారు.”

పల్చనయ్య కన్ను తీయలేదు. తీస్తే తడి కనిపిస్తుందని. “దుమ్ము పడింది,” అన్నాడు చివరికి. అది మాత్రం నమ్మదగిన మాటే. ఆయన ఒంటి నిండా కావలసినంత ఉంది.

రెండు పలకలూ సొరుగులో పక్కపక్కన పెట్టారు. పాతదానికి పాత చీటీ, కొత్తదానికి ఆమె రాసిన కొత్త చీటీ. “చొక్కా దులపకుండా ఇంటికి వెళ్ళండి,” అంది ఆమె. “మీ ఆవిడతో చెప్పండి. ఇన్నేళ్ళూ ఆవిడ ఉతికినదాంట్లో భూమి లోతుల్లోంచి వచ్చిన పచ్చ కూడా ఉందని.”

“చెప్తాను మేడమ్. వింటే.”

అయిదు దాటింది. బల్ల తుడిచి, కుళాయి కట్టి, మాత్రల అట్ట జేబులో సర్దుకుని, రెండు చేతులతో ఒక బరువు మోసుకుంటూ రాళ్ళ గది దాకా నడిచాడు. వంగి, గుమ్మం పక్కన దించి, తలుపును దానికి ఆనించాడు. తాళాలమ్మ కాలితో తోసి చూసింది. కదల్లేదు.

“రాయి కంటే ఇదే గట్టిగా ఉందన్నయ్యగారూ,” అని తల ఎత్తేసరికి ఆయన మెట్లెక్కి వెళ్ళిపోయాడు. హాజరు యంత్రం దగ్గర బొటనవేలు ఆనించిన చప్పుడొక్కటి వినిపించింది.

తెరిచిన తలుపుకి ఆనుకుని నేలమీద వెల్లకిలా పడుకుని ఉంది ఇనప పళ్లెం, నడుమ పడిన గుంటలో ఇంకా ఆరని కాసిని నీళ్ళతో, ఆ నీళ్ళ అడుగున సగం చుట్టిన ఎనిమిదిలో పేరుకుంటున్న లేతపచ్చ పొడితో.