కాలితో తన్ని గాలి చూసిన మనిషి

నేను ఒక మోటారు సైకిలు వెనక టైరును. వెనక అని విడిగా ఎందుకు చెబుతున్నానంటే, బండి గెలిస్తే ఇంజను పేరు చెబుతారు, మలుపు బాగా తిరిగితే ముందు చక్రం పేరు చెబుతారు, జారితే మాత్రం నా పేరు చెబుతారు. నా మీద మోపిన నేరం ఏమిటో, అది ఎవరు చేశారో చెప్పడానికే ఇప్పుడు నోరు విప్పుతున్నాను. అంకెలు ఉన్నవి ఉన్నట్టు చెబుతాను. తీర్పు మీరే చెప్పండి.

రబ్బరు, మసి, గంధకం కలిపి, లోపల తీగలు పెట్టి, నన్ను అచ్చులో వేసి ఉడికించారు. బయటికి తీసేసరికి ఒంటి నిండా సన్నటి రబ్బరు వెంట్రుకలు. అచ్చులో గాలి పోవడానికి పెట్టిన బెజ్జాల్లోకి రబ్బరు చొరబడితే అవి మొలుస్తాయి. ఆ వెంట్రుకల్ని గుర్తుంచుకోండి. తర్వాత అవే నాకు సాక్ష్యం చెప్పాయి. నా పక్కగోడ మీద నా కొలత, నేను మోయగల బరువు, నేను పుట్టిన వారం అచ్చు వేశారు. ఇన్ని అక్షరాలు ఒంటి మీద మోస్తున్నాను గానీ, వాటిని చదివిన మనిషి నాకు ఒక్కడే తగిలాడు. అతను నెల్లూరులో టైర్ల కొట్టు నడిపే మస్తాన్.

ప్రసాద్ ఆ కొట్టుకు వచ్చింది మార్చి నెల మొదటి బుధవారం. అసలు పేరు పెంచల ప్రసాద్. వయసు నలభై నాలుగు. గూడూరులో గూడ్సు రైళ్లకు లోకో పైలట్. అతని దగ్గర నాలుగు వందల సీసీ బండి ఒకటి ఉంది. సూళ్లూరుపేట దాటాక హైవే నుంచి లోపలికి వెళితే ఒక రేసు ట్రాక్ వస్తుంది. పొడవు మూడు కిలోమీటర్ల చిల్లర, మలుపులు పన్నెండు. ఏడాదికోసారి అక్కడ ఒక క్లబ్బు వాళ్లు ఉద్యోగాలు చేసుకునేవాళ్ల కోసం పోటీ పెడతారు. శనివారం మూడు విడతల్లో ఎప్పుడైనా ఒక్క చుట్టు రెండు నిమిషాల పది సెకన్లలోపు తిరిగినవాళ్లే ఆదివారం పోటీలో నిలబడాలి. ప్రసాద్ మూడేళ్లుగా వెళుతున్నాడు. మూడేళ్లూ శనివారం సాయంత్రమే ఇంటికి తిరిగొచ్చాడు. వచ్చే ఏడాది నుంచి నలభై అయిదు నిండినవాళ్లను తీసుకోబోమని క్లబ్బు వాళ్లు చెప్పేశారు. అంటే అతనికి మిగిలింది ఒక్క శనివారం.

"చాంపియన్లు వేసేది ఉందే, ఆ మెత్త టైరు ఇయ్యి మస్తానూ," అన్నాడు ప్రసాద్.

"అది ఇస్తా. దాన్ని కాచేదానికి కరెంటు దుప్పటి ఉందా అన్నా మీకాడ?"

"దుప్పటేంది?"

"టైరుకి కప్పి గంటసేపు వేడి చెయ్యాల. చల్లగా ఉంటే అది సబ్బుబిళ్ల. మొదటి మలుపులోనే పడతారు."

గట్టి టైరు ఒకటి చూపించాడు. పదిహేను వేల కిలోమీటర్లు వస్తుందన్నాడు. ప్రసాద్ తల అడ్డంగా ఊపాడు. అప్పుడు మస్తాన్ నన్ను కిందికి దించాడు. "ఇది రోడ్డు మీద వస్తుంది, ట్రాక్ మీద పట్టుకుంటుంది. దుప్పటి అక్కర్లా. రెండు మలుపులు తిరిగితే అదే వేడెక్కుతుంది," అన్నాడు. నా గురించి ఎవరైనా మాట్లాడిన న్యాయమైన మాట అదొక్కటే.

బండికి నన్ను ఎక్కించాక మస్తాన్ గాలి నలభై పెట్టాడు. కారణం ఉంది. భార్యాభర్తలిద్దరూ సామాను సంచితో హైవే మీద అదే బండి మీద వెళతారు. "ట్రాక్‌కి పోయినాక దింపేయాల అన్నా. మర్చిపోవద్దు," అన్నాడు. డబ్బు తీసుకుంటూ ఇంకోసారి చెప్పాడు. ప్రసాద్ బండి ఎక్కి హెల్మెట్ పెట్టుకున్నాక మూడోసారి చెప్పాడు. మూడుసార్లు నేను విన్నాను. ఎవరికి చెప్పాడో ఆ మనిషి వినలేదు.

ఇక్కడ ప్రసాద్ ఉద్యోగం గురించి ఒక మాట చెప్పాలి. రైలు కదలాలంటే బ్రేకు పైపులో అయిదు కేజీల గాలి ఉండాలి. గాలి చూపే గేజీలో ముల్లు అయిదు మీదికి రానిదే అతను చెయ్యి కదపడు. స్టేషను మాస్టరు తొందర పెట్టినా, కంట్రోలు నుంచి ఫోన్లొచ్చినా కదపడు. పోయిన వేసవిలో నాలుగు పాయింట్ ఎనిమిది దగ్గర ముల్లు ఆగిందని బొగ్గు రైలును బిట్రగుంటలో రెండు గంటలు నిలబెట్టాడు. ఆ సంగతి ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ చెప్పుకుంటాడు. అటువంటి మనిషి నా దగ్గర గాలి ఎలా చూస్తాడో తెలుసా? బూటుకాలితో తంతాడు. ఒక తన్ను తన్ని, శబ్దం విని, "రాయిలా ఉంది," అంటాడు. రాయిలా ఉండటం మంచిదని అతనికి ఎవరు చెప్పారు?

శనివారం ఉదయం ట్రాక్‌లో దిగగానే కస్తూరి రెండు నిమ్మకాయలు నా కింద పెట్టింది. కస్తూరి అతని భార్య. గూడూరులోనే జాకెట్లు కుడుతుంది. ప్రతి చుట్టుకూ ఫోనులో సమయం పట్టి, కొలతలు రాసుకునే పుస్తకంలో వెనక పేజీల్లో రాస్తుంది. నిమ్మకాయలు నలిపినందుకు నాకు బాధ లేదు. ప్రసాద్ నన్ను ఒక తన్ను తన్ని, తృప్తిగా బండి ఎక్కాడు. బాధ అక్కడ మొదలైంది.

రోడ్డుకు నేను ఆనుకునేది అరచెయ్యంత మేర. బండి, మనిషి, అతని మూడేళ్ల పట్టుదల, అన్నీ ఆ అరచేతి మీదే నిలబడాలి. గాలి ఎక్కువైతే నేను ఉబ్బుతాను, అరచెయ్యి కాస్తా రెండు వేళ్లవుతుంది. పైగా పరిగెత్తేకొద్దీ లోపలి గాలి కాగి ఇంకా పెరుగుతుంది. మూడో చుట్టు నుంచే నేను ప్రతి మలుపులోనూ పక్కకి జారుతున్నాను. పట్టుకోవాలని నాకు లేక కాదు, పట్టుకోవడానికి చోటు లేక. ఆ విడతలో అతని మంచి చుట్టు రెండు నిమిషాల పదహారు పాయింట్ నాలుగు.

"సెట్టింగు చూడాల్రా అబ్బయా," అన్నాడు జనార్దన్. ఇతను ప్రసాద్ స్నేహితుడు. నాయుడుపేటలో సెల్‌ఫోన్ల దుకాణం. చుట్టు రెండు నిమిషాల ఎనిమిదిలో తిరుగుతాడు కాబట్టి ఇతను చెప్పిందల్లా ప్రసాద్‌కు శాసనం. ఇద్దరూ కలిసి వెనక కుదుపులు ఆపే స్ప్రింగు రెండు నొక్కులు బిగించారు. సీటు కింద ఉన్న పానాల సంచి తీసేశారు, బరువు తగ్గుతుందని. ప్రసాద్ టిఫిను మానేశాడు, అదీ బరువే కదా అని. తొంభై కేజీల మనిషి రెండు ఇడ్లీలు తినకుండా నా మీద కూర్చున్నాడు. సైలెన్సరు కొత్తది కాబట్టి ఇంజను బాగా పాడుతోందని ఇద్దరూ ఒప్పుకున్నారు. గాలి మాట ఒక్కరి నోటా రాలేదు.

పదకొండు గంటలకు రెండో విడత. ఏడో మలుపులో నేను పూర్తిగా జారాను. బండి వెనక భాగం అడుగున్నర పక్కకి పోయింది. ప్రసాద్ మోకాలు నేలకు తగిలింది, బండి ఎలాగో లేచి నిలబడింది. మంచి చుట్టు రెండు నిమిషాల పదిహేను పాయింట్ తొమ్మిది.

షెడ్డులోకి వచ్చి హెల్మెట్ తీస్తూనే అన్నాడు, "ఈ టైరు దేనికీ పనికిరాదురా. మస్తాన్ గాడు నాకు చెత్త అంటగట్టినాడు."

నన్ను అన్నందుకు కాదు. మస్తాన్ మూడుసార్లు చెప్పాడు. ఆ మనిషిని అన్నందుకు నా ఒళ్లు మండింది.

"తీసి పారెయ్. నాకాడ పాతది మెత్త టైరు ఒకటుండాది, అది ఎక్కించుకో," అన్నాడు జనార్దన్. పానా కూడా చేతిలోకి తీసుకున్నాడు.

"దాంతో పాటు దుప్పటి కూడా ఇస్తావా జనార్దనా?" అని అడిగింది కస్తూరి.

"దుప్పటి నాకు కావాల గదా వదినా! ఉండేది ఒకటే."

"అయితే మీ అన్నని మొదటి మలుపులోనే పడుకోబెడదామని చూస్తుండావా?"

జనార్దన్ నవ్వేశాడు గానీ పానా దించలేదు. కస్తూరి వంగి నన్ను చూసింది. రోజూ బట్ట చూసే కళ్లు కదా, ఎక్కడ అరిగిందో ఎక్కడ అరగలేదో చూశాయి. నా మధ్యలో రెండు వేళ్ల వెడల్పున అరుగుడు. పక్కలకి రబ్బరు వెంట్రుకలు మొలిచినవి మొలిచినట్టే ఉన్నాయి. ఆమె వాటిని గోటితో మీటింది.

"ఏమండీ, ఇది నడుమ తప్ప ఎక్కడా నేలకి తగల్లేదు. గాలి ఎంతుందో చూసినారా?"

"చూసినా. తన్ని చూసినా. రాయిలా ఉంది."

కస్తూరి బండ్లు తనిఖీ చేసే టెంటు దగ్గరికి నడిచి వెళ్లి, గేజీ అడిగి తెచ్చింది. నేనింకా వేడి మీదే ఉన్నాను. ఆమె ఆ గేజీని మొగుడి చేతికిచ్చింది. అతను నా నోట్లో పెట్టి నొక్కాడు. నలభై ఆరు.

అందరూ కాసేపు ఆ ముల్లునే చూశారు. జనార్దన్ పానా సంచిలో పెట్టేసి, మంచినీళ్లు తాగేదానికి పోయాడు.

"బొగ్గు రైలుని రెండు గంటలు ఆపినారు గదండీ బిట్రగుంటలో," అంది కస్తూరి. "తన్ని చూసి కదిలించకపోయినారా?"

 ప్రసాద్ ఫోను తీసి మస్తాన్‌కు చేశాడు. అవతలి గొంతు నాకు కూడా వినపడింది. "మూడుసార్లు చెప్పినా గదన్నా! వేడి మీద ముప్పై నాలుగుకి దించు. ముందుది కూడా చూడు."

పన్నెండు పాయింట్ల గాలి నా నోట్లోంచి బుస్సుమని పోయింది. నాకు ఊపిరాడింది.

సామాను సర్దుతూ కస్తూరి ఇంకో మాట అంది. "రెండో మలుపుకి ముందు బోర్డులు ఉండాయి చూడండి, రెండొందల మీటర్లు, వంద మీటర్లు అని. అందరూ వంద కాడ బ్రేకు పడుతుండారు. మీరొక్కరే రెండొందల కాడ పడుతుండారు. మీ వెనకాల యాభై ఎనిమిది వ్యాగన్లు లేవండీ."

ఆ మాట నిజం. కిలోమీటరు ముందే బ్రేకు వెయ్యడం అలవాటైన చెయ్యి అది.

మూడు గంటలకు మూడో విడత. రెండు మలుపులు తిరిగేసరికి పక్కల వెంట్రుకలు చెరిగిపోయాయి. మొదటిసారి నా ఒళ్లంతా నేలను తాకింది. రెండు నిమిషాల పదమూడు. తర్వాత పదకొండు పాయింట్ ఆరు. తర్వాత పదకొండు. ఏడో మలుపులో అతను అనుమానంగా వంచాడు, నేను పట్టుకున్నాను. మరుసటి చుట్టులో ఇంకొంచెం వంచాడు, అప్పుడూ పట్టుకున్నాను. గోడ మీద ఆఖరి చుట్టు బోర్డు పెట్టారు. రెండో మలుపు దగ్గర రెండొందల బోర్డు దాటింది. అతను ఇంకా బ్రేకు పట్టలేదు. నూట యాభై దాటింది. వంద బోర్డు దగ్గర పట్టాడు. బరువంతా ముందుకు పోయి నేను నేల మీద తేలాను. మళ్లీ దిగి, వంగి, బండిని మలుపులోంచి బయటికి తోశాను.

రెండు నిమిషాల తొమ్మిది పాయింట్ ఏడు.

కస్తూరి అంకె రాసి, కింద రెండు గీతలు గీసి, పుస్తకం మూసేసింది.  ఆదివారం ప్రసాద్ పద్నాలుగు మందిలో ఆఖరి వరసలో నిలబడ్డాడు, పదకొండో స్థానంలో వచ్చాడు. క్లబ్బు వాళ్లు ఫోను ముందు పెట్టి అడిగారు, "మూడేళ్లు కానిది ఈ ఏడు ఎట్టా అయింది సార్?"

ప్రసాద్ గొంతు సవరించుకున్నాడు. "కొత్త సైలెన్సరు. తర్వాత, స్ప్రింగు రెండు నొక్కులు బిగించినాం."

నలభై ఆరు మాట లేదు. ముప్పై నాలుగు మాట లేదు. మస్తాన్ లేడు, నేను లేను. కస్తూరి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని పక్కకు తిరిగింది.

రెండో వేసవికి నేను అరిగిపోయాను. పోటీకి వయసు దాటినా అతను ట్రాక్ వదల్లేదు. మలుపు దగ్గర జెండా ఊపే పనికి పేరు రాయించుకున్నాడు. నన్ను తీసుకొచ్చి క్లబ్బు వాళ్లకే ఇచ్చాడు. ఏడో మలుపు బయట పాత టైర్లతో ఒక గోడ ఉంది, జారి వచ్చినవాళ్లు ఎముకలు విరగ్గొట్టుకోకుండా. కింది నుంచి మూడో వరసలో నన్ను బోల్టు వేసి బిగించారు. నాకిప్పుడు చక్రమూ లేదు, గాలీ లేదు. పడినవాళ్లను పట్టుకోవడమే పని. ఇప్పటికి ఆరుగురిని పట్టుకున్నాను. ఆరుగురూ లేస్తూనే తమ టైరును తిట్టారు.

ప్రసాద్ జేబులో ఇప్పుడు గేజీ ఉంటుంది. షెడ్డులో ఎవరైనా కాలితో టైరును తంతే, జెండా చంకలో పెట్టుకుని వెళ్లి చివాట్లు పెడతాడు. "ముల్లు చూడకుండా బండి కదిలిస్తావా?" అంటాడు. పుట్టిన దగ్గర్నుంచి తనకు తెలిసిన సంగతిలాగే అంటాడు.

తర్వాత ఏడో మలుపుకు వస్తాడు. జెండా పాతుకుని, అటూ ఇటూ చూసి, మూడో వరసలో ఉన్న నన్ను బూటుకాలితో ఒక్క తన్ను తంతాడు. అది పలకరింపు అంటుంది కస్తూరి. నేను మాత్రం ఒప్పుకోను.