రెద్దెమ్మ-సామా

ఇస్త్రీపెట్టె కాగిందో లేదోనని రెడ్డెమ్మ తడివేలితో తాకి చూసింది. చుయ్‌మంది. సరిగ్గా అప్పుడే ఆమె మొగుడు గురప్ప ఆ మాట అన్నాడు.

“ఈ ఎండాకాలంతో నీది ఖలాస్ మ్మే. సెప్టెంబర్ల ఇంటికి పో. మాయమ్మ మంచం పట్టింది, చూసుకునేదానికి మనిషి కావల్ల. ఈడ నేనుండా గదా.”

ఆ రోజు శుక్రవారం. అమ్ఘరాలో అతను పని చేసే పాత ఇనుము యార్డుకి సెలవు. సెలవు దొరికితే జాబ్రియాలో రెడ్డెమ్మ పనిచేసే ఈ ఇంటి వెనక గేటు దగ్గరికొస్తాడు. ఇస్త్రీ గది గుమ్మంలో బకెట్ బోర్లించుకుని కూర్చుంటాడు. ఆమె ఇచ్చిన టీ తాగుతాడు. ఆ బకెట్ ఆమెది, టీ ఆమె మామాది, అంటే యజమానురాలిది. అతను కువైట్‌లో కాలు పెట్టిన వీసా కూడా ఆమె ఆ మామా కాళ్ళావేళ్ళా పడి, ఆ ఇంటి యజమాని బాబా చేత తీయించిందే. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. తెలిసిన సంగతిని ఇద్దరూ ఎప్పుడూ పైకి అనుకోలేదు.

“బాబాను అడగాలి గదా,” అంది, పిల్లవాడి చొక్కా కాలరు మీద పెట్టె నడుపుతూ.

“అడిగేదేముంది, చెప్పేసినా. సరే అన్న్యాడు.”

పెట్టె ఒక క్షణం ఆగింది. కాలరు మాడకముందే మళ్ళీ కదిలింది. సంతలో ఎద్దును అమ్మినా కొనేవాడు దాని పళ్ళు పట్టి చూస్తాడు, ముట్టెకు చెయ్యి తగిలిస్తాడు. గురప్పా బాబా చేసుకున్న బేరంలో సరుకు మొహం ఎవరూ చూడలేదు. ఇస్త్రీ చేస్తూనే ఆమె రెండు పక్కలా తూచింది. ఇక్కడ తెల్లారుజాము నుంచి ఒళ్ళు విరిగేలా చాకిరీ చేస్తుంది గాని, చేసినదానికి జీతం వస్తుంది. ఆ జీతం మీద ఊళ్ళో ఇంటికి కప్పు పడింది. రాయచోటి పక్క పల్లెలో అత్త చిన్నక్క మంచం దగ్గరా ఒళ్ళు విరిచే పనే. దానికి జీతం లేదు, కోడలన్న పేరు ఉంది. సంపాదించడానికి బయల్దేరిన రోజు ఆ అత్తే అరుగు మీద కూర్చుని అంది: “పోనీలే, ఆడది ఎంత దూరం పోయినా తిరిగొచ్చి తోమేది ఈ గిన్నెలే గదా.”

“జపాన్ పోతాండారంటనే,” అన్నాడు గురప్ప లేస్తూ. “యజమానులు తిరగను పోతారు. నువ్వు పోయి ఏం జేస్తావు? ముడ్డి కడగను పోతాండావు. ఆడ చూసినానని ఊళ్ళో చెప్పుకోబాక, నగుతారు.”

అతని మాటలో తప్పు లేదు. బాబా కార్ల వ్యాపారి. హిరోషిమాలో కార్ల ఫ్యాక్టరీ చూడాలని బయల్దేరితే మామా, పిల్లలూ వెంటపడ్డారు. చిన్నపిల్ల రెడ్డెమ్మ చంక దిగదు కాబట్టి రెడ్డెమ్మ కూడా సామానులో సామానుగా విమానం ఎక్కింది.

హిరోషిమాలో దిగిన మూడోనాడే కువైట్ పోయింది.

‘పోయింది’ అన్నది మామా మాట. హోటల్ గదిలో టీవీ ముందు నేల మీద కూర్చుని, “రాహత్ కువైత్” అని ఒకటే పాట. టీవీలో రెడ్డెమ్మకు తెలిసిన రోడ్డు మీద తెలియని ట్యాంకులు, ఇరాక్‌వి. షర్క్‌లో చేపల మార్కెట్ పక్క మలుపు చూసి రెడ్డెమ్మ గుర్తుపట్టింది, మామా కంటే ముందు. బాబా తమ ఎంబసీ వాళ్ళను కలవాలని రైలెక్కి టోక్యో వెళ్ళాడు. గురప్ప ఏమయ్యాడు? అమ్ఘరా జహ్రా దారిలోనే ఉంది, ట్యాంకులన్నీ ఆ దారినే వచ్చాయంటున్నారు. ఆమెకు భయమేసింది. మాటవరసకు కాదు, నిజంగానే. అయితే ఆ భయం అడుగున మరొకటి తగిలింది, బియ్యంలో చెయ్యి పెడితే గింజల మధ్య రాయి తగిలినట్టు. ‘ఇంక సెప్టెంబర్‌లో ఇంటికి పోనక్కర్లేదేమో.’ ఆ ఆలోచన తనదేనని గుర్తుపట్టి ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది.

మర్నాడు పొద్దున కిందినుంచి కబురు. గైడు వచ్చిందట. ఊరంతా తిప్పి చూపించడానికి బాబా కువైట్ నుంచే ఒక మనిషిని మాట్లాడి పెట్టాడు, ఈ కుటుంబానికి మాత్రమే, రోజంతా, వీళ్ళేం చూస్తామంటే అది చూపించేట్టు. ఆ సంగతి అందరూ మరిచారు, గైడు మరవలేదు. తాము రామని చెప్పి రమ్మని మామా రెడ్డెమ్మను పంపింది.

కింద ఒక పెద్దావిడ నిలబడి ఉంది. అరవై ఏళ్ళుంటాయి. తెల్ల చేతితొడుగులు, చేతిలో చిన్న గొడుగు. రెడ్డెమ్మకు పిల్లల దగ్గర పట్టుబడిన ఇంగ్లీషే ఉంది. “మామా నో కమ్. బాబా నో కమ్. బేబీ నో కమ్. వార్,” అంది.

ఆవిడ నడుం వంచి దండం పెట్టింది. చాలాసేపు వంగే ఉంది. తర్వాత హోటల్ వాళ్ళ ఫోన్ అడిగి మామాతో మాట్లాడబోయింది. పై నుంచి మామా గొంతు ఫోన్‌లోంచి బయటికే వినపడింది. చెల్లెలు కువైట్ నుంచి ఏ క్షణాన్నైనా ఫోన్ చేస్తుందని రాత్రంతా ఆ లైను ఖాళీగా ఉంచిన మనిషి ఆమె. “రెడ్డెమ్మకివ్వు! రెడ్డెమ్మా, ఆమెతో నువ్వే పో. యల్లా! ఫోన్ పెట్టెయ్!”

అలా ఊరు చూసే బేరం రెడ్డెమ్మ చేతిలో పడింది.

“నా పేరు ఫుమికో,” అంది పెద్దావిడ ఇంగ్లీషులో మెల్లగా, ఒక్కో మాటా విడదీసి. “ఈ రోజు మీది, రెద్దెమ్మ-సామా. మీకేం చూడాలనుంది?”

రెడ్డెమ్మ ఉలిక్కిపడింది. సామా! తమ ఊళ్ళో సామీ అని పిలిచే నోరు తమలాంటివాళ్ళది, పిలిపించుకునే గొప్ప పెద్దవాళ్ళది. ఈవిడ పొరబడిందనుకుని, “నో సామా. ఐ వర్క్. కద్దామా,” అని పనిమనిషినని అరబ్బీలోనే చెప్పేసింది. ఫుమికో నవ్వి, తల అడ్డంగా ఊపింది. “అతిథిని అలాగే పిలుస్తాం. ఏం చూస్తారు?”

“బేబీ లైక్ ఎలిఫెంట్.”

“బేబీ రాలేదు కదా.”

“మామా లైక్ షాపింగ్.”

“మామా కూడా రాలేదు,” అని ఫుమికో ఓపిగ్గా నిలబడింది. ‘మీరు మాత్రమే వచ్చారు’ అని ఆవిడ అనలేదు. అనకుండానే ఆ మాట రెడ్డెమ్మకు తగిలింది. ఏం చూడాలనుంది? లోపల వెతికింది. పప్పు ఏ డబ్బాలో ఉందో, ఎవరి చొక్కా గుండీ ఊడిందో, ఎవరికి కారం పడదో అన్నీ దొరికాయి. ఈ ఒక్కటీ దొరకలేదు. చివరికి సిగ్గుపడి, “వాటర్,” అంది. దాహమని ఫుమికో సీసా తీయబోతే, “నో, నో. బిగ్ వాటర్,” అని చేతులు చాపింది.

ఆ ఊళ్ళో కోరుకోదగ్గది అదే. ఎటు తిరిగినా ఏరు. వానకు మొహం వాచిన రాయలసీమలో పుట్టి, సముద్రాన్ని కాచి తాగే కువైట్‌లో బతికిన మనిషికి, ఊరి నడుమ అన్ని ఏర్లు ఎవరి అనుమతీ లేకుండా పారుతుంటే కళ్ళు చాలలేదు. వంతెన మీద నిలబడి ఎంతసేపు చూసిందో. వెళ్దామని ఫుమికో అనలేదు. గొడుగు విప్పి రెడ్డెమ్మ నెత్తిన పట్టింది. తన తల ఎండలోనే ఉంది. ఆ గొడుగు అందుకోబోయింది రెడ్డెమ్మ. ఆవిడ ఇవ్వలేదు. ఇద్దరూ కాసేపు నవ్వుతూ పెనుగులాడారు.

ఏటి ఒడ్డున ఎముకల గూడులా ఒక మేడ కనిపించింది, పైన ఉత్త చట్రం మిగిలిన గుమ్మటంతో. దగ్గర్లోని తోటలో కుర్చీలు వేస్తున్నారు. నలభై ఐదేళ్ళ కిందట అణుబాంబు పడిన రోజు దగ్గరపడిందట, చనిపోయినవాళ్ళను తలుచుకోవడానికట. “అంతా బూడిదే,” అని చెయ్యి గుండ్రంగా తిప్పింది ఫుమికో. రెడ్డెమ్మ ఆ చెయ్యి తిరిగిన మేరా చూసింది. చెట్లు, మేడలు, సైకిళ్ళ మీద ఆడపిల్లలు, ఐస్‌క్రీమ్ బండి. నమ్మలేకపోయింది. టీవీలో పొగలు కక్కుతున్న కువైట్ కళ్ళ ముందుకొచ్చింది. బూడిదయిన ఊరు మళ్ళీ ఊరవుతుందా? అవుతుంది, అదిగో అయి కూర్చుంది. 

మధ్యాహ్నం భోజనానికి చిన్న కొట్టులోకి తీసుకెళ్ళింది. పెద్ద పెనం చుట్టూ బల్లలు. పెనం మీదే వంట, దాని మీదే వడ్డన. క్యాబేజీ, గుడ్డు, సేమ్యాలాంటివి వేసి మందంగా పోసిన అట్టు. చెరొకటి ముందుకు తోసింది కొట్టామె. రెడ్డెమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పెద్దావిడ తినకుండా తనెలా తింటుంది? పుట్టింట్లో మగవాళ్ళ తర్వాత, అత్తింట్లో అందరి తర్వాత, మామా ఇంట్లో గిన్నెలు లోపలికొచ్చాక. తినడానికి ఆమె ఎరిగిన వేళ అదొక్కటే. ఫుమికో కూడా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఈమె ఆవిడ వైపు, ఆవిడ ఈమె వైపు. నవ్వులు. అట్టు అంచు గోధుమరంగు దాటి నల్లబడుతోంది. కొట్టామె జపాన్ భాషలో ఏదో గదమాయించింది. ఏ భాషలో అన్నా ఆ మాటొకటే: మాడుతోందే తల్లీ!

“మీరు తింటేగాని నేను ముట్టుకోకూడదు,” అంది ఫుమికో చివరికి. “అతిథి ముందు.”

“యూ బిగ్. యూ ముందు,” అంది రెడ్డెమ్మ తెలుగు కలిపేసి.

ఫుమికో కదల్లేదు. తనకోసం ఒక మనిషి ఆకలితో కూర్చుని ఉంది. రెడ్డెమ్మకు అది అర్థమై, లోపలికి దిగడానికి కొంత సమయం పట్టింది. ముక్క తుంచి నోట్లో పెట్టుకుంది. నాలుక కాలింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వేడికేనని కొట్టామె నవ్వింది. రెడ్డెమ్మ కూడా వేడికేనన్నట్టు నవ్వి, ఆ అట్టు మాడిన అంచుతో సహా తినేసింది. ఇన్నేళ్ళుగా చల్లారినవే తింటున్న మనిషికి అన్నం వేడిగా ఉంటే రుచి అలా ఉంటుందని అప్పుడే తెలిసింది.

తర్వాత రోడ్డు మధ్య పట్టాల మీద నడిచే ట్రాము ఎక్కారు. పాత బండి, చెక్క నేల. ఫుమికో తొడుగు తీసి, కిటికీ కింది చెక్కను ఉత్త చేత్తో నిమిరింది.

“ఇలాంటి బండి నేను నడిపాను,” అంది. “పదిహేనేళ్ళ వయసులో.”

తప్పు విన్నానేమోనని రెడ్డెమ్మ రెండు చేతులతో చక్రం తిప్పినట్టు అభినయించి, “యూ?” అంది.

“నేనే. మగవాళ్ళంతా యుద్ధానికి పోయారు. బళ్ళు నడపడానికి ఆడపిల్లల్ని తీసుకున్నారు. బ్రేకు బరువు, చెయ్యి చాలేది కాదు, ఒంటి బరువంతా వేసి లాగేదాన్ని. బాంబు పడింది. నాతో పనిచేసిన పిల్లలు చాలామంది పోయారు. కొద్ది రోజులకే కొంత దూరం బండి నడిచింది. బూడిదలో మేం నడిపాం. ఎక్కినవాళ్ళను టికెట్ అడగలేదు. అడిగే మొహాలు కావవి.”

రెడ్డెమ్మ ఆ చేతులకేసి చూసింది. ఎముకలు తేలిన ముసలి చేతులు. ఆ చేతులు, ఆ వయసు, కాలిన ఊరి మధ్య కదిలే ఒక్క బండి. దేవళంలో గర్భగుడి ముందు నిలబడినప్పుడు కూడా ఆమె అంత నోరు తెరుచుకుని చూడలేదు.

“తర్వాత?”

“యుద్ధం అయిపోయింది. మగవాళ్ళు తిరిగొచ్చారు. ఇంక చాలు, మీరు ఇళ్ళకు వెళ్ళండన్నారు. వెళ్ళాం.” ఫుమికో మళ్ళీ తొడుగు వేసుకుంది. “ఆ ఏడు ఎంత ఏడ్చానో. నాన్న, బాంబుకి ఏడుస్తున్నాననుకున్నాడు.”

రెడ్డెమ్మ తన ఇంగ్లీషంతా కూడగట్టుకుంది. “వై గో? యూ నో ఆస్క్?”

ఫుమికో కిటికీ వైపు తిరిగింది.

“అడగొచ్చని మాకు తెలియదు,” అంది.

ట్రాము ఆగింది. హోటల్ దగ్గర దిగే చోటు ఇదేనని ఫుమికో లేచింది. రెడ్డెమ్మ లేవలేదు. పొద్దున దొరకని జవాబు ఇప్పుడు తనంత తానే నోటికొచ్చింది. “లాస్ట్ దాకా,” అంది. “ఐ వాంట్.”

ఓడరేవు దాకా పోయారు. దారంతా రెడ్డెమ్మ డ్రైవరు వెనకే నిలబడి, బ్రేకు మీద అతని చెయ్యి ఎలా పడుతోందో చూస్తూనే ఉంది. ఊరు రెండుగా చీలి దారిచ్చి వెనక్కి పోతోంది. చివర సముద్రం. ఫుమికో పక్కనే నిలబడి ఏమీ వివరించలేదు. మంచి గైడుకి అది కూడా తెలుసు.

హోటల్ గదికి వచ్చేసరికి మామా మంచం అంచున కూర్చుని ఉంది. మొహం వాచి ఉంది. చిన్నపిల్ల ఒళ్ళో నిద్రపోతోంది. చెల్లెలి ఫోన్ రాలేదు, బాబా ఫోన్ మాత్రం వచ్చింది.

“కైరోలో మా అక్క ఇంటికి పోతున్నాం,” అంది అరబ్బీలో. “నిన్ను ఇక్కణ్ణుంచి బొంబాయి విమానం ఎక్కిస్తాం. ఎలాగూ నిన్ను ఇంటికి పంపమని మీ ఆయన ముందే చెప్పాడు. బాబా సరేనన్నాడు. ఖలాస్.”

రెడ్డెమ్మ పిల్లనందుకుని పక్క మీద సర్ది పడుకోబెట్టి, దుప్పటి కప్పింది. నడుం నిటారు చేసుకుంది.

“ఆయన చెప్పినాడు, బాబా ఒప్పుకున్నాడు. నన్నెవరూ అడగలేదు మామా.”

మామా ఎర్రబడ్డ కళ్ళెత్తి విసుగ్గా చూసింది. “దేశమే పోయిందే! ఇప్పుడు నిన్ను అడిగేదేమిటి?”

“దేశం పోయింది కూడా మిమ్మల్ని అడక్కుండానే గదా మామా.”

 మామా చెయ్యి చాపి టీవీ ఆపేసింది. ఇంట్లో ఇన్నేళ్ళుగా తిరిగే మనిషిని ఇప్పుడే ఎవరో తెచ్చి నిలబెట్టినట్టు, కిందినుంచి పైదాకా చూసింది.

“సరే,” అంది. “అడుగుతున్నా. నీకేం కావాలి?”

“కైరో వస్తా. మీ అక్కగారింట్లో చేసే పనికి వేరే మాట్లాడుకుందాం. నా పాస్‌పోర్టు నా దగ్గరుండాలి. దారి తెరిచిన రోజు కువైట్ పోతా, నా పని నేను చేసుకుంటా. ఆయన పానాలతో బయటపడాలని రాత్రంతా దండం పెట్టుకుంటానే ఉండా, ఇంకా పెట్టుకుంటా. అది వేరు, ఇది వేరు.”

“మరి మీ అత్త? చూసుకునే మనిషి కావాలన్నాడు కదా?”

“ఉండారు మామా,” అంది రెడ్డెమ్మ. “ఆయమ్మకు ముగ్గురు కొడుకులుండారు.”