మిగిలిన కాగితాలు

వనువాటు పార్లమెంటు ఎన్నికల రోజు బడిగదిలో లేసావి చేతికి ఐదు కాగితాలిచ్చారు. ఒక్కో దాని మీద పోటీలో ఉన్న ఒక్కొక్కరి ఫొటో. నచ్చినది కవరులో పెట్టి, మిగతావి బుట్టలో పడేయాలి. కానీ ఆమె భర్త కలో ఆ మిగతావి దాచి తెమ్మన్నాడు. ఓటు తన చిన్నాన్నకే వేయాలి, తెచ్చిన వాటిలో ఆయన ఫొటో కనబడకూడదన్నాడు.

లేసావి తనకు పురుడు పోసిన నర్సు లేపాకోవా కాగితాన్ని కవరులో పెట్టింది. చిన్నమామగారిని బుట్టలో పడేసింది. మిగిలినవి గౌను జేబులో పెట్టుకుంది.

గేటు దగ్గర కలో లెక్కపెట్టాడు.

"మూడేనా? ఆ నర్సుది ఏది?"

"చూడబుద్ధి కాక బుట్టలో పడేశాను."

"అబద్ధమైతే ఈపూటే నిన్ను పుట్టింటి పడవెక్కిస్తాను."

ఇంతలో అతని తల్లి కూడా ఓటేసి బయటికొచ్చి తన మిగతా కాగితాలు అతనికిచ్చింది. అవీ మూడే. వాటిలోనూ నర్సు లేదు.

"నర్సుది ఏదమ్మా?"

"దాంతో ముక్కు తుడుచుకున్నాలేరా. ఏం, నన్నూ పడవెక్కిస్తావా?"

కలో కాగితాలు జేబులో కుక్కుకున్నాడు. అత్తగారు కోడలి వైపు చూడకుండానే చెయ్యి పట్టుకుని ఇంటిదారి పట్టింది. అత్తగారి చెయ్యి కూడా లేసావి చేతిలాగే చెమటతో తడిసి ఉంది.