సీదా నడక

భూలక్ష్మి పొడగరి. నార్సింగిలో పుట్టింది. పన్నెండేళ్ళు నిండకముందే తల్లి భుజం దాటింది. ఆ ఎత్తు చూసి తల్లికి దిగులు పట్టుకుంది. "జర వంగి నడువే, తాటిచెట్టు లెక్క పెరిగితే నిన్నెవడు చేసుకుంటడు" అని నెత్తిన మొట్టేది. భూలక్ష్మి వంగడం నేర్చుకుంది. కూకట్‌పల్లి ఐలయ్యతో పెళ్ళయింది. అతను ఆమెకంటే రెండు వేళ్ళు పొట్టి. పీటల మీద కూర్చున్నంతసేపూ ఎవరూ ఏమీ అనలేదు. లేచి నిలబడగానే అత్త రుక్కమ్మ చెయ్యి పట్టి కిందికి లాగి చెవిలో, "మొగుని తలకాయ మీదికి నీ తలకాయ రావద్దు బిడ్డా, నలుగురు నవ్వుతరు" అంది. భూలక్ష్మి ఇంకాస్త వంగింది.

ఊళ్ళో వంగడానికి ఇంకో చోటు కూడా ఉండేది. వాళ్ళ గుడిసెల నుంచి బొంబాయి రోడ్డుకు పోవాలంటే పట్వారీ రామ్మోహనరావు ఇంటి ముందు నుంచే పోవాలి. పొద్దున పూట ఆయన అరుగు మీద పడక్కుర్చీలో కూర్చునేవాడు. మగవాళ్ళు చెప్పులు విప్పి చేత పట్టుకుని, భుజం మీది తువ్వాలు తీసి దాటేవాళ్ళు. ఆడవాళ్ళు కొంగు కప్పుకుని, నేల చూస్తూ, నడుం వంచి దాటేవాళ్ళు. రోడ్డు మీదికి పోతే ఫ్యాక్టరీల సైరన్లు, బస్సులు, లారీలు, ప్యాంట్లు వేసుకున్న జనం. డెబ్బై మూడో సంవత్సరం నడుస్తోంది. ఆ సందులో మాత్రం ఇంకా ఆ పాత నడకే.

ఐలయ్య పట్వారీ బావి కింద కూరగాయల మడులు కౌలుకు చేసేవాడు. భూలక్ష్మి రోడ్డు అవతలి మందుల ఫ్యాక్టరీలో పనికి కుదిరింది. ఇంజక్షన్ సీసాలను దీపం ముందు పట్టుకుని, లోపల నలుసు గానీ గాజు పగులు గానీ ఉందేమో చూసి, బాగున్నవి ఒక పక్క, చెడ్డవి ఒక పక్క పెట్టాలి. బల్ల తక్కువ ఎత్తుది. దీపం దాని మీద ఇంకా కిందికి ఉండేది. పొట్టివాళ్ళకు సరిపోయేది. భూలక్ష్మి మాత్రం మెడ కొంగలా ముందుకు సాచి, వీపు విల్లులా వంచి పొద్దంతా కూర్చునేది.

నాలుగేళ్ళు గడిచేసరికి మెడ తిరగడం మానేసింది. పక్కనున్నవాళ్ళు పిలిస్తే మనిషి మొత్తం తిరగాల్సి వచ్చేది. భుజాల మధ్య నిప్పు పెట్టినట్టుండేది. కుడిచేతి వేళ్ళు తిమ్మిరెక్కి, సీసా పట్టుకుందో జారిందో తెలిసేది కాదు. రుక్కమ్మ ఆముదం కాచి రాసింది, ఉప్పు మూటతో కాపడం పెట్టింది. చివరికి మూసాపేట నుంచి ఒకడిని పిలిపించి మెడ వెనక వాతలు పెట్టించింది. వాతలు మానాయి గానీ నొప్పి మానలేదు. ఒకరోజు పనిలోనే కళ్ళు తిరిగి, సీసాల పళ్ళెం మీదికి ఒరిగింది. సూపర్‌వైజరు సుబ్రహ్మణ్యం ఆమెను ఫ్యాక్టరీ దవాఖానకు పంపాడు.

అక్కడి డాక్టరు రాజరాజేశ్వరి కాకినాడ వైపు మనిషి. మాటలో విసురు, చేతిలో నెమ్మది. భూలక్ష్మి మెడ, భుజాలు తడిమి చూసింది. వేళ్ళు మడవమంది, పిడికిలి బిగించమంది. తర్వాత కాస్త దూరం జరిగి నిలబడి చూసింది.

"ఎప్పుడూ ఇలాగే నిల్చుంటావా అమ్మా?"

"గిట్లనే డాక్టరమ్మా. గిట్ల కాకుంటె ఎట్ల నిలవడాలె?"

"ఆ గోడకు ఆనుకో. మడమలు గోడకు దగ్గరగా పెట్టు. పిరుదులు, వీపు, తల, అన్నీ గోడకు తగలాలి."

భూలక్ష్మి ఆనుకుంది. మడమలు తగిలాయి. వీపు తగిలింది. తల మాత్రం గోడకు జానెడు ముందే ఆగిపోయింది. వెనక్కి నెడితే గడ్డం పైకి లేచిపోతోంది. రాజరాజేశ్వరి ఆమె గడ్డం మీద రెండు వేళ్ళు ఆనించి, "గడ్డం పైకెత్తకు. లోపలికి లాక్కో. నెమ్మదిగా" అంటూ వెనక్కి నెట్టింది. మెడ నరాలు కలుక్కుమన్నాయి. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తల గోడకు తగిలింది.

అప్పుడు ఎదురుగా ఉన్న కిటికీలోంచి భూలక్ష్మికి రోడ్డు కనిపించింది. అవతల చెట్లు, వాటి పైన ఆకాశం కనిపించాయి. ఒంటి మీద గుడ్డ లేనట్టు సిగ్గేసి, గబుక్కున మళ్ళీ వంగిపోయింది.

"ఏమయింది?"

"భయమైతున్నది డాక్టరమ్మా. అందరికంటె పైకి పోయినట్టున్నది."

"నువ్వు అందరికంటే పైనే ఉన్నావు. దేవుడిచ్చిన ఎత్తు అది. దాన్ని దాచిపెట్టడానికి నీ మెడ ఇన్నేళ్ళు బరువు మోస్తోంది. మాత్ర ఇస్తాను, రెండ్రోజులు తగ్గుతుంది. మళ్ళీ వంగితే మళ్ళీ వస్తుంది. ఇంకొన్నాళ్ళు పోతే చెయ్యి పనికి రాకుండా పోతుంది."

ఏం చెయ్యాలో చూపించింది. పొద్దునా సాయంత్రం గోడకు ఆని నిలబడాలి. వీపు మీది రెక్కల ఎముకలు రెండూ దగ్గరికి తెచ్చి వదలాలి. నులక మంచం మానేసి నేల మీద బొంత పరుచుకుని మోకాళ్ళు మడిచి పడుకోవాలి. నీళ్ళ బిందె ఎప్పుడూ ఒకే చంకన పెట్టకూడదు. పనిలో మధ్య మధ్య లేచి భుజాలు తిప్పాలి. అన్నిటికంటే ముందు, నడిచేటప్పుడు నేల చూడకూడదు, ఎదురుగా చూడాలి. దీపం కింద చెక్క దిమ్మలు పెట్టించమని సుబ్రహ్మణ్యానికి కబురు కూడా పంపింది. ఆయన గొణుక్కుంటూనే పెట్టించాడు.

మొదట్లో నొప్పి ఎక్కువైంది. వాడని కండరాలు రోషంతో తిరగబడ్డట్టు సలిపాయి. భూలక్ష్మి పంటి బిగువున ఓర్చుకుంది. వారం దాటాక ఒక తెల్లవారుజామున మెలకువ వచ్చి, ఏదో తేడాగా ఉందే అనుకుంటూ కాసేపు అలాగే పడుకుంది. మెడ నొప్పి లేదు. అటు తిప్పింది, ఇటు తిప్పింది. పక్కన ఐలయ్య నిద్రపోతున్నాడు. మనిషంతా కదలకుండా, మెడ మాత్రమే తిప్పి మొగుడి మొహం చూసి ఎన్నేళ్ళయిందో. ఆ సుఖం రుచి తెలిశాక ఇక దాన్ని వదులుకోవాలనిపించలేదు.

ఆ పొద్దునే పట్వారీ ఇంటి ముందు నుంచి పనికి పోతూ ఆమె వంగలేదు. కావాలని చేసింది కాదు. ఎదురుగా చూస్తూ నడిచింది, అంతే. అరుగు మీది పడక్కుర్చీ కిర్రుమంది. మర్నాడు కూడా అలాగే నడిచింది. ఈసారి ఆయన చూస్తున్నాడని తెలిసే నడిచింది.

సాయంత్రం ఐలయ్య ఇంటికి వచ్చేసరికి మొహం నల్లగా మాడిపోయి ఉంది.

"దొర పిలిచిండు. నీ పెండ్లానికి మెడ నిక్కిందేందిరా ఐలిగా అన్నడు. రేపు పొద్దుగాల పోయి కాల్మొక్కి తప్పయిందని చెప్పాలెనట."

"ఏం తప్పు చేసిన నేను?"

"అది నాకెందుకు చెప్తడు? జర వంగితే ఏంబోతది నీది? ఆ పది అడుగులు దాటినంక నీ ఇష్టమున్నట్టు నడువు."

"పది అడుగులే అని ఆయన ముంగట వంగాలె. నీ పక్కన నడుస్తె నువ్వు చిన్నగ అవుపిస్తవని వంగాలె. ఆడ దీపం కింద వంగాలె. ఇగ నా మెడ ఎప్పుడు సీదా అయితది?"

ఐలయ్య గడపలో కూర్చున్నాడు. "కౌలు పోతది" అన్నాడు చివరికి. భూలక్ష్మి పొయ్యి ముందు కూర్చుని రొట్టె తిప్పింది. కౌలు సంగతి ఆమెకు తెలియంది కాదు. ఆ మడుల్లో ఆమె కూడా కలుపు తీసింది. భయం వేసింది కూడా. అయినా తెల్లవారుజామున నొప్పి లేని మెడను అటూ ఇటూ తిప్పుకున్నదే పదే పదే గుర్తుకొచ్చింది.

పొద్దున రుక్కమ్మ కూడా వెంట బయలుదేరింది. ముసలామె నడుం కొడవలిలా వంగిపోయి ఉంటుంది. కర్ర ఊతంతో నేల చూస్తూనే నడుస్తుంది. అరుగు ముందు అప్పటికే పదిమంది ఉన్నారు. ఐలయ్య తువ్వాలు చేత్తో పట్టుకుని పక్కకు నిలబడ్డాడు. భూలక్ష్మి ముందుకు వచ్చి రెండు చేతులూ జోడించింది. తల దించలేదు.

రామ్మోహనరావు ఆమెను పైనుంచి కిందికి చూశాడు. "దండం పెట్టేది గిట్లనేనా?"

"చేతులు జోడించిన గద దొరా."

"వంగు."

"వంగను దొరా. వంగితే మెడ గుంజుతది, చెయ్యి తిమ్మిరెక్కుతది. డాక్టరమ్మ వద్దన్నది."

"ఫ్యాక్టరీ డాక్టరు చెప్తె ఊరు పద్ధతి ఇడిచిపెడ్తవా?"

"నొప్పి ఊరికి లేదు. నాకున్నది."

ఎవరో పొడిదగ్గు దగ్గారు. రామ్మోహనరావు కళ్ళు ఐలయ్య వైపు తిరిగాయి. అది చూసి రుక్కమ్మ కర్ర కింద పడేసి ముందుకు వచ్చింది. "దానికి తెల్వది దొరా, దాని బదులు నేను మొక్కుత, బాంచెను" అంటూ ఒంగిన నడుమును ఇంకా వంచబోయింది. కాళ్ళు వణికి ముందుకు తూలింది. భూలక్ష్మి ఆమె రెండు రెక్కలూ పట్టుకుని లేపింది.

"నువ్వు మొక్కకు అత్తా. నీ నడుంల ఇంక వంగేతందుకు ఏమున్నది?"

కింద పడిన కర్ర తీసి ఆమె చేతికిచ్చి, మెల్లగా నడిపించుకుని ఇంటిదారి పట్టింది. వెనక నుంచి రామ్మోహనరావు గొంతు వినిపించింది. "ఐలిగా, రేపటి సంది నా బావి తట్టు రాకు."

 ఇంటికి చేరాక రుక్కమ్మ గడపలో కూలబడి అంది. "నేను సుత నీ లెక్కనే పొడుగుంటినే. మా అత్త కూడ నాకు గదే చెప్పింది. వంగంగ వంగంగ ఎముకలు గట్లనే గట్టిపడ్డయి. ఇప్పుడు ఆకాశం చూడాలంటె ఎల్లెల్కల పండుకోవాలె." తర్వాత గోడ వైపు చూసింది. "ఏదీ, నన్ను నిలవెట్టు."

భూలక్ష్మి నిలబెట్టింది. మడమలు, పిరుదులు గోడకు తగిలాయి. ఆపైన ఏదీ తగల్లేదు. ముసలామె ఎంత ప్రయత్నించినా వీపు రాలేదు. అయినా కర్ర పక్కన పెట్టి కాసేపు అలాగే నిలబడింది. ఆ రోజు నుంచి రోజూ నిలబడేది. నడుం చక్కబడలేదు గానీ సలుపు కాస్త తగ్గిందనేది. ఏమైనా, "మొగుని పక్కన వంగు" అనే మాట ఆమె నోటి నుంచి మళ్ళీ రాలేదు.

కౌలు పోయింది. ఐలయ్య బాలానగర్ గోదాములో బస్తాలు మోసే పనికి కుదిరాడు. పెళ్ళాంతో మాట్లాడటం మానేశాడు. అన్నం పెడితే తినేవాడు, అడిగితే తల ఊపేవాడు. భూలక్ష్మి బతిమాలలేదు. తన పని తను చేసుకుపోయింది. పొద్దున్నే ఆ సందులోంచే, ఆ అరుగు ముందు నుంచే, ఎదురుగా చూస్తూ ఫ్యాక్టరీకి పోయి వచ్చింది. దారి మార్చుకోమని చుట్టుపక్కల వాళ్ళు చెప్పారు. చెరువు కట్ట మీదుగా పోతే అరుగు తప్పుతుందన్నారు. "నేనెందుకు సుట్టు తిరగాలె" అంది.

వానాకాలం మొదలైన రోజుల్లో ఒకనాడు ఐలయ్య పొద్దున లేవలేకపోయాడు. ముందురోజు బస్తా ఎత్తుతుంటే నడుం పట్టేసిందట. పక్కకు తిరగబోతే గావుకేక పెట్టాడు.  భూలక్ష్మి అతన్ని మంచం మీది నుంచి మెల్లగా నేలకు దించింది. మోకాళ్ళ కింద పాత చీరల మూట పెట్టింది. ఉప్పు వేయించి గుడ్డలో కట్టి నడుంకు కాపడం పెట్టింది. కాస్త తెరిపిన పడ్డాక పొట్ట బిగించి మెల్లగా లేవడం నేర్పింది. బస్తా దగ్గర నడుం వంచకుండా మోకాళ్ళు వంచి కూర్చుని, బరువు ఒంటికి దగ్గరగా పట్టుకుని లేవమని చూపించింది.

రెండో రోజు కాపడం పెడుతుంటే గోడ వైపు మొహం పెట్టుకునే ఐలయ్య అడిగాడు. "నీక్కూడ గింత నొప్పుండెనా?"

"ఇంకెక్కువనే. నాలుగేండ్లు."

"నాకు చెప్పలే."

"చెప్పిన. నువ్వు ఇనలే."

 కాపడం చల్లారాక ఆమె లేవబోతే ఐలయ్య చెయ్యి పట్టుకుని ఆపాడు. చాలాసేపు వదల్లేదు.

అతను మళ్ళీ పనికి పోవడం మొదలుపెట్టిన రోజు ఇద్దరూ కలిసే ఇంటి నుంచి బయలుదేరారు. అరుగు దగ్గరికి రాగానే ఐలయ్య చెయ్యి అలవాటుగా చెప్పుల వైపు పోయింది. పక్కన భూలక్ష్మి ఆగకుండా నడుస్తోంది. వంగబోయినవాడల్లా నడుం పట్టుకుని లేచి నిలబడ్డాడు. చెప్పులు కాళ్ళకే ఉన్నాయి. రామ్మోహనరావు ఏదో అన్నాడు. ఇద్దరూ వెనక్కి తిరగలేదు. ఆ తర్వాత ఫ్యాక్టరీ పనికి పోయే ఇంకో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు కూడా భూలక్ష్మి వెంట నడవడం మొదలుపెట్టారు. మిగతావాళ్ళు వంగుతూనే ఉన్నారు. దసరా నాటికి పట్వారీ పడక్కుర్చీని అరుగు మీది నుంచి తీయించి లోపలి వాకిట్లో వేయించుకున్నాడు. ఎండ పడుతోందని ఇంట్లోవాళ్ళు చెప్పారు.

ఆ ఏడు చలికాలంలో ఐలయ్య మేనకోడలి పెళ్ళికి నగరం నుంచి ఫోటోగ్రాఫరును పిలిపించారు. మొగుడూ పెళ్ళాలను జంటలుగా నిలబెట్టి తీస్తున్నాడు. భూలక్ష్మి, ఐలయ్య వచ్చి నిలబడ్డారు. ఫోటోగ్రాఫరు నల్లగుడ్డ కిందికి తల దూర్చి, బయటికి తీసి, నెత్తి గోక్కున్నాడు.

"అమ్మా, జర కిందికి వంగు. నీ తలకాయ తెగిపోతున్నది. పటేలా, నువ్వు ఆ ఇటుకెక్కు."

చుట్టూ ఉన్న చుట్టాలు ముసిముసిగా నవ్వారు. భూలక్ష్మి నోరు తెరవబోయింది. ఆమెకంటే ముందు ఐలయ్యే అన్నాడు.

"ఆమె వంగదు. నేను ఇటుక ఎక్కను. నీ డబ్బనే జర మీదికి లేపుకో."

ఫోటోగ్రాఫరు సణుక్కుంటూ కెమెరా కాళ్ళు పొడుగు చేసుకున్నాడు.