అడుగు మట్టిని అడుగు

పాత బ్యాటరీల షెడ్డు కూలగొట్టిన స్థలం కొన్నాం. ఇల్లు మొదలుపెట్టే ముందు మట్టి పరీక్ష చేయించాలని మా ఆవిడ పట్టుబట్టింది. మా రెండేళ్ల మనవరాలు దొరికిన మట్టినల్లా నోట్లో పెట్టుకుంటుంది. ఆ నేలలో సీసం ఉందేమోనని ఆవిడ బెంగ. సీసా తప్ప సీసం సంగతి తెలియని మా బావమరిది తాపీమేస్త్రి. అతగాడు స్థలమంతా రెండు లారీల ఎర్రమట్టి పరిపించేశాడు.

"అక్కా, ఎంత శుభ్రంగా ఉందో చూడు! ఇప్పుడు పరీక్షకివ్వు, ఫస్టు క్లాసులో పాసవుతుంది."

"ఒరేయ్, పరీక్ష నేలకా, నీ లారీకా?"

పరీక్ష చేసే అమ్మాయి నవ్వాపుకుని, పాత మట్టి తగిలేదాకా తవ్వాలంది. ఎక్కడని తవ్వుతాం? అంతా తవ్వితే ఇంటికి బదులు ఈతకొలను మిగులుతుంది. సిగ్గుపడ్డ బావమరిది ఆ షెడ్డులో పనిచేసిన ముసలాయన్ని వెతికి తెచ్చాడు.

"బ్యాటరీల్లోని సీసం కలిసిన యాసిడ్ ఎక్కడ పారబోసేవారు పెద్దాయనా?" అని అడిగింది పరీక్ష చేసే అమ్మాయి.

"ఎక్కడపడితే అక్కడ పోస్తే మా ఓనరు ఊరుకునేవాడా? చెప్పులు కాలిపోతాయని తిట్టిపోసేవాడు. ఇరవయ్యేళ్లూ ఆ మూలే పోశాం."

ఆ అమ్మాయి ఆ మూలా, ఇంకో ఆరుచోట్లా మట్టి తీసుకెళ్లింది. సీసం ఆ మూలనే తేలింది. అక్కడ నిలువెత్తు లోతున తవ్వించి, ఆ మట్టిని విషపు చెత్త తీసుకునే కేంద్రానికి పంపి, గొయ్యి అడుగున మళ్లీ పరీక్ష చేయించాం. శుభ్రమని కాగితం వచ్చింది.

మా ఆవిడ దాన్ని రెండుసార్లు చదివి, మనవరాలిని చంకలోంచి దించింది. ఆ నేల మీద పిల్ల కాలు మోపడం అదే మొదలు.

"ఒరేయ్ తమ్ముడూ, ఇక ముగ్గు పొయ్యరా, పునాది గీద్దాం" అంది.