చప్పట్లు ఆపండి

ఆ ఆదివారం హాల్లో కుర్చీలు వేయిస్తున్నంతసేపూ పిన్నికి కాలు నిలవలేదు. ఆవిడ మా అమ్మకు చెల్లెలు, మా సేవాసంస్థకు పెద్ద దిక్కు. ఈ రెండు హోదాలూ కలిపి నా మీద వాడుతుంది. దర్జీ కొట్టు మీదున్న రెండు గదుల్లో నడిచే చిన్న సంస్థ మాది. ఇక్కడ తెలిసినవాళ్లనల్లా పీడించి విరాళాలు పోగుచేసి, మనకన్నా పేద దేశాల్లో ఏ ఊరికి ఏది అవసరమైతే దానికి పంపిస్తాం. ఒక ఊరికి బావి, ఇంకో ఊరికి బడి గది.

నివేదికలంటే పిన్నికి గిట్టదు. "కాయితాలు ఎవరు చదువుతారే? కళ్లారా చూపించాలి" అంటుంది. అందుకే ఎక్కడ ఏది పూర్తయినా, ఆ ఊరివాళ్లు దాన్ని మొదటిసారి వాడుకోవడం దాతలకు అప్పటికప్పుడు తెర మీద చూపించడం మా ఆనవాయితీ.

ఈసారి వాగు మీద వంతెన. మనుషులు నడవడానికి మాత్రమే. అది లేక వానాకాలమంతా అక్కడి పిల్లలు బడి ముఖం చూడరు. వచ్చే నెల చూపిద్దామనుకున్నాం గానీ, హాలు ఈ ఆదివారానికే దొరికిందని పిన్ని తేదీ ముందుకు జరిపేసింది. నేను కట్టడాల డ్రాయింగులు గీసే ఆఫీసులో పనిచేస్తాను. సిమెంటుకు మన తొందరతో పనిలేదని నాకు తెలుసు.

"ఆ ఊరివాళ్లని అడిగావా?" అన్నాను.

"అడిగాను. సరేనన్నారు."

పిన్ని అడిగితే మా ఇంట్లో మాత్రం కాదన్నవాళ్లెవరు?

ముందు వరసలో బట్టల వ్యాపారి కూర్చున్నాడు. మా సంస్థ నడుస్తోందంటే చాలావరకు ఆయన చలవే. తెర మీద వాగు కనిపించగానే చిన్నపిల్లాడిలా ముందుకు వంగాడు. అక్కడి నర్సు ఫోను పట్టుకుని అన్నీ చూపిస్తోంది. గట్టు మీద పిల్లలు వరసగా నిలబడ్డారు. అందరికన్నా ముందు ఎర్రగౌను పిల్ల. వంతెన మీద తడి గోనెసంచులు ఇంకా పరిచే ఉన్నాయి. స్లాబు కింద దన్నుగా ఉండాల్సిన కర్రలు లేవు. అవి పక్కనే కుప్పగా పడున్నాయి.

పిన్ని దగ్గరికి పరుగెత్తాను.

"పిన్నీ, ఆపించు. స్లాబు ఇంకా పచ్చిగా ఉంది. కింద కర్రలు తీసేశారు. కూలిపోతుంది."

"ఇప్పుడా చెప్పేది?"

"ఇప్పుడేగా కనిపించింది!"

పిన్ని మొహం పాలిపోయింది. బట్టల వ్యాపారి వైపు ఓసారి చూసి నా చెవిలో, "వైరు పీకెయ్యి. కరెంటు పోయిందని చెబుదాం" అంది.

మా పరువు దక్కేది, నిజమే. కానీ మాకు తెర ఆరిపోతే అక్కడ పిల్లలు ఆగుతారా? ఆ మాట అనేలోపే బట్టల వ్యాపారి ఉత్సాహం పట్టలేక చప్పట్లు మొదలుపెట్టాడు. హాలంతా అందుకుంది. ఆ మోత ఫోన్లో అక్కడికి చేరింది. నడవమన్నారనుకుని ఎర్రగౌను పిల్ల వంతెన మీద కాలు పెట్టింది.

"చప్పట్లు ఆపండి!" అని అరిచాను. ఎవరికీ వినబడలేదు. మైకు లాక్కుని, "ఆపమంటుంటే!" అని విరుచుకుపడ్డాను. మా సంస్థకు అన్నం పెట్టే మనుషుల మీదే. హాలు చల్లబడింది. నర్సుకూ నాకూ మధ్య ఉన్నది ఇంగ్లిషు ఒక్కటే, అదీ ఇద్దరికీ అంతంతమాత్రం. "వద్దు! ఎక్కనివ్వద్దు! వెనక్కి లాగండి!" అన్నాను.

బొమ్మ బిగుసుకుపోయింది. ఎర్రగౌను పిల్ల కాలు వంతెన మీద అలాగే ఉండిపోయింది. నా అరుపు చేరిందో లేదో తెలియదు. పిన్ని నా మోచెయ్యి పట్టుకుంది, గోళ్లు దిగేంత గట్టిగా. నేను మైకులో అవే మాటలు పిచ్చిదానిలా అంటూనే ఉన్నాను.

బొమ్మ కదిలింది. పిల్ల గట్టు మీద ఉంది. నర్సు దాని జబ్బ పట్టుకుని ఉంది. నాకు ఏడుపొచ్చేసింది.

"మా మీద కోపం వచ్చిందా?" అంది నర్సు. "ఇవాళ చూపించకపోతే, దీని తర్వాత మీరు కట్టిస్తామన్న ఆసుపత్రి గది ఇవ్వరేమోనని మా ఊరి పెద్దాయన భయపడుతున్నాడు."

అది నేను మన భాషలో చెప్పగానే పిన్ని, "ఇస్తాం, తప్పకుండా ఇస్తాం అని చెప్పు" అంది. తర్వాత గొంతు సవరించుకుని, "స్లాబు పచ్చిదని వాళ్లకు తెలియదా? అడుగు" అంది.

అడిగాను.

"తెలుసు. మేస్త్రి వద్దనే అన్నాడు" అంది నర్సు. "మీరు ఇవాళే కావాలన్నారు కదా. కర్రలుంటే చూడ్డానికి బాగోదని తీయించాం. అందుకే ఊళ్లో అందరికన్నా బరువు తక్కువున్న పిల్లల్ని ఏరి ముందు నిలబెట్టాం."



"ఏమందే? చెప్పు" అంది పిన్ని.

మైకు నా చేతిలోనే ఉంది. హాల్లో అందరికీ వినబడేలా చెప్పాను.